రూటు బయటి ఊరు

ఫోన్లో మన మాట ఎక్కడ తెగుతోంది, అసలు ఫోను కలుస్తోందా లేదా అని ఊరూరా తిరిగి కొలిచేవాళ్లు ఉంటారని చాలామందికి తెలియదు. నేను నాలుగేళ్లు ఆ పని చేశాను. టెలిఫోను కంపెనీలన్నిటి మీదా అజమాయిషీ చేసే జాతీయ నియంత్రణ సంస్థ కొలిచే పనిని ఒక ఏజెన్సీకి అప్పగిస్తుంది. ఆ ఏజెన్సీ నన్ను కాంట్రాక్టు మీద పెట్టుకుంది. కారు వెనక సీట్లో ఒక చట్రం, దానికి బిగించిన నాలుగు ఫోన్లు, ఒక్కో కంపెనీది ఒక్కోటి. ముందు సీట్లో నేను, ఒళ్లో లాప్‌టాప్. బండి కదులుతుంటే ఫోన్లు వాటంతటవే రెండు నిమిషాలకోసారి ఒక నంబరుకు చేసుకుంటూ ఉంటాయి. కలిస్తే తెరమీది మ్యాపులో పచ్చచుక్క, తెగితే ఎర్రచుక్క, సిగ్నలే లేకపోతే నల్లచుక్క.

మా నాన్న తణుకు వైపు నుంచి జహీరాబాదు ఫ్యాక్టరీలో పనికి వచ్చేనాటికి నాకు ఐదేళ్లు. ఫ్యాక్టరీ కాలనీలో పెరిగాను, ఇక్కడే చదివాను, ఇక్కడే పెళ్లయింది. నా 'అండీ' మాత్రం పోలేదు. నాకు తెలిసిన లోకం ఈ ఊరే. అందుకని ఆ ఏడాది కొలవాల్సిన ఊళ్ల జాబితాలో జహీరాబాదు పేరు చూసి సంబరపడ్డాను. రూటు మ్యాపు తెరిచాక ఆ సంబరం కాస్తా చప్పబడింది. హైవే, బస్టాండు, రైల్వే స్టేషను, ఫ్యాక్టరీ రోడ్డు, మొగుడంపల్లి దాకా మెయిన్ రోడ్డు. అంతే.

హైదరాబాదులో మా కోఆర్డినేటరుకు ఫోన్ చేశాను.

"సార్, ఝరాసంగం మండలం లేదు. న్యాల్‌కల్ అసలే లేదు. మొగుడంపల్లి దాటి లోపలి ఊళ్లు ఒక్కటీ లేవండీ."

"నీకు ఎన్ని రోజులిచ్చారు?"

"మూడు."

"బళ్లు?"

"ఒకటి."

"మరింకేంటి? పైవాళ్ల దగ్గరే మనుషులు లేరమ్మా. ఉన్న మనుషుల్ని, ఉన్న రోజుల్ని దేశమంతా పంచితే మీ ఊరి వంతుకు మూడు రోజులొచ్చాయి. మూడు రోజుల్లో ఎక్కువమంది తిరిగే రోడ్లే కొలుస్తాం. నువ్వైనా అదే చేస్తావు."

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన లెక్కలో తప్పు కూడా లేదు. నేనైనా అదే చేసి ఉండేదాన్ని.

డ్రైవరు ఝరాసంగం మండలం మనిషి. వయసు యాభై దాటింది. పదిహేనేళ్లు ఝరాసంగానికీ జహీరాబాదుకూ మధ్య షేర్ ఆటో నడిపి, నడుము పట్టేశాక కారు స్టీరింగు పట్టుకున్నాడు. నాతో రెండేళ్లుగా తిరుగుతున్నాడు. నేను అన్నా అనేదాన్ని, తను మేడం అనేవాడు. మొదటి రోజంతా తెరమీద పచ్చచుక్కలే పడుతుంటే పక్కనుంచి తొంగిచూసి అన్నాడు.

"మేడం, మంచిగున్న కాడ మంచిగుందని చెప్పనీకెనా గింత పెద్ద మిషిను?"

నేను నవ్వి మళ్లీ తెరవైపు తిరిగాను.

రెండో రోజు మొగుడంపల్లిలో టీ తాగడానికి ఆగాం. కారు పైన బిగించిన యాంటెనా చూసి ఒకావిడ దగ్గరికొచ్చింది. నీలం చీర, భుజాన సంచి. ఆశా వర్కరు. గర్భిణుల్ని దవాఖానకు తీసుకుపోయేది, పసిపిల్లల టీకాలు చూసేది ఆమే. సరిహద్దు పక్కనే, అవతల కర్ణాటక కనిపించేంత దగ్గరలో ఉన్న ఒక చిన్న ఊరు ఆమెది.

"ఏం కొలుస్తున్రు మేడం?"

నేను చెప్పేలోగా డ్రైవరే చెప్పేశాడు. ఆమె సంచీలోంచి బడిపిల్లల నోటుపుస్తకం ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"జర గిది చూడున్రి."

ప్రతి పేజీలో తేదీ, ఎవరింటికి అంబులెన్సు కావాల్సొచ్చింది, ఎక్కడ నిలబడితే ఫోను కలిసింది, ఎన్నిసార్లు చేస్తే కలిసింది. 'స్కూలు మీద నించి, కలవలే.' 'గుట్ట మీద నించి, నాలుగోపాలి కలిసింది, కట్ అయింది.' 'ఆటోల తీసుకపోయినం.' కొన్ని పేజీల్లో చివర ఏమీ రాయలేదు. ఆ కేసు ఏమైందని నేను అడగలేదు.

"మా ఊరికి రాన్రి మేడం. గా మిషిన్ల పెట్టున్రి. కాయితాలు ఇచ్చుకుంట తిరిగిన, ఎవ్వరు నమ్ముతలేరు. మిషిన్ చెప్తే నమ్ముతరు కద."

"అక్కా, మాకు రూటు ఇచ్చేశారు. అది దాటి వెళ్లకూడదండీ."

ఆమె వాదించలేదు. పుస్తకం తీసుకుని సంచీలో పెట్టుకుంది. అదే నన్ను ఇబ్బంది పెట్టింది. కాదనిపించుకోవడం అలవాటైపోయిన మనిషి ఎలా ఉంటుందో అలా ఉంది.

మూడో రోజు మధ్యాహ్నానికల్లా మా రూటు అయిపోయింది. ఇంకా బోలెడు పొద్దుంది. డ్రైవరు బండి స్టార్ట్ చేసి, ఊళ్లోకి తిప్పకుండా నావైపు చూశాడు.

"పోదామా మేడం, గా ఆశమ్మ ఊరికి? పోయి వచ్చుడు ఒక గంట."

"పోదాం అన్నా" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఎన్నిసార్లు తలచుకున్నా అక్కడికే వచ్చి ఆగుతాను.

మొగుడంపల్లి దాటాక రోడ్డు సన్నబడింది. రెండువైపులా కందిచేలు, పత్తి, అక్కడక్కడ జొన్న. ఒక్కొక్క ఫోనూ వరసగా సిగ్నల్ వదిలేసింది. నాలుగో ఫోనూ వదిలేశాక తెరమీద నల్లచుక్కలే మిగిలాయి. నిజం చెప్పొద్దూ, నాకు లోపల ఉత్సాహంగానే ఉంది. దొరికింది, రుజువు దొరికింది అనుకుంటున్నాను.

అంతలో డ్రైవరు బండి పక్కకు తీసి ఆపాడు. హ్యాండ్‌బ్రేకు కూడా వేశాడు.

"ఏమైందన్నా?"

"ఛాతిల పట్టేసినట్టయితుంది మేడం. జర నీళ్లియ్యి."

సీసా అందించాను. పట్టుకోలేకపోయాడు. ముఖమంతా చెమట, చొక్కా తడిసిపోయి ఒంటికి అంటుకుంది. ఎడమచెయ్యి కుడిచేత్తో నొక్కుకుంటున్నాడు. నేను నా ఫోను తీశాను. సిగ్నల్ లేదు. అతని ఫోను తీశాను. లేదు. వెనక్కి తిరిగి చట్రంలోని నాలుగు ఫోన్లూ చూశాను. మొత్తం ఆరు ఫోన్లు. ఆ నాలుగూ మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. రెండు నిమిషాలు కాగానే డయల్ చేస్తున్నాయి, కలవలేదని రాసుకుంటున్నాయి, మళ్లీ రెండు నిమిషాలు ఆగుతున్నాయి.

అతన్ని పక్క సీట్లోకి ఎలా జరిపానో నాకు తెలియదు. లైసెన్సు ఉందన్న మాటే గానీ నేను కారు నడిపి ఏళ్లయింది. వెనక్కి తిప్పడానికి రోడ్డు చాలదు. ఊరు ముందే ఉందని ముందుకే పోనిచ్చాను. ఊరి మొదట్లోనే ఆశా వర్కరు ఎదురైంది. మా బండిని గుర్తుపట్టి నవ్వుతూ వచ్చింది. లోపలికి చూశాక ఆ నవ్వు పోయింది. వెనక తలుపు తీసి ఫోన్ల పక్కన ఇరుక్కుని కూర్చుంది.

"గుట్ట కాడికి పోనియ్యున్రి మేడం. ఆడ సిగ్నల్ ఒక్క గీత వస్తది. నూట ఎనిమిదికి కొడదాం."

గుట్ట అంటే ఊరి వెనక రాళ్ల మిట్ట. బండి కింద ఆపి ఫోను పట్టుకుని ఎక్కాను. ఒక్క గీత వచ్చింది. నూట ఎనిమిది కొట్టాను. మోగింది. ఎత్తారు. నా జన్మలో అంత ఊరట ఎప్పుడూ కలగలేదు.

"యావ ఊరు? యావ తాలూకు?" అంటోంది అవతలి అమ్మాయి.

కన్నడం. ఆ గీత సరిహద్దు అవతలి టవరుది. నూట ఎనిమిది నంబరు ఏ రాష్ట్రం టవరు పట్టుకుంటే ఆ రాష్ట్రం వాళ్లకే పోతుంది. నా వృత్తే అది, నాకు తెలిసిన విషయమే అది. అయినా ఆ క్షణంలో నాకు తట్టలేదు. నేను తెలుగులో అరుస్తున్నాను, ఆ అమ్మాయి పాపం మళ్లీ మళ్లీ అదే అడుగుతోంది. నాకు కన్నడం ఒక్క ముక్క రాదు. కిందికి చూసి "అక్కా, రా!" అని కేక వేశాను. ఆమె బండి దిగి చీర ఎగ్గట్టి పైకి పరిగెత్తుకొచ్చి ఫోను లాక్కుంది. గడగడా కన్నడంలో మాట్లాడింది. ఆ కాసేపు బండిలో అతని దగ్గర ఎవరూ లేరు. అద్దంలోంచి అతని తల ఒకపక్కకు వాలి కనిపిస్తోంది. ఇద్దరం పైనే ఉన్నాం.

ఆమె ఫోను దించింది.

"తెలంగాణ అంటే వాళ్ల బండి రాదంట. మనోళ్లకు కలుపుత అన్నది. కలుపుతుంటే కట్టయింది."

మళ్లీ కొట్టాం. ఆ గీత కూడా పోయింది. గుట్ట దగ్గర మేం పోగొట్టుకున్న సమయం ఎంతో నాకు నిమిషాలతో సహా తెలుసు. లాప్‌టాప్ అదీ రాసుకుంది. పదకొండు నిమిషాలు.

ఇక ఆగకుండా నేనే నడిపాను. గుంతల రోడ్డు. వేగం పెంచితే అతను మూలుగుతున్నాడు, తగ్గిస్తే ఆశా వర్కరు వెనకనుంచి "పోనియ్యున్రి, పోనియ్యున్రి" అంటోంది. ఒకచోట అతను కళ్లు మూసుకునే మెల్లగా అన్నాడు.

"మూడో గేరు వెయ్యి మేడం. ఇంజన్ మీద బరువు పడుతుంది."

నేను ఏడుస్తూ మూడో గేరు వేశాను. మొగుడంపల్లి రోడ్డు ఎక్కగానే నాలుగు ఫోన్లకూ ఒక్కసారే సిగ్నల్ వచ్చింది. మ్యాపు మీద మళ్లీ పచ్చచుక్కలు.

జహీరాబాదు దవాఖానలో ఇంజక్షను ఇచ్చి సంగారెడ్డి పంపారు, అక్కడినుంచి హైదరాబాదు. అతను బతికాడు. కానీ డాక్టరు అతని భార్యను, నన్ను కూర్చోబెట్టి గుండెలో కొంత భాగం ఇక పనిచేయదని చెప్పాడు. ముందే తెచ్చి ఉంటే ఆ భాగం దక్కేదన్నాడు. బండి నడపకూడదు, బరువులెత్తకూడదు. ఆమె ఆ జాగ్రత్తలన్నీ ఒక చీటీ మీద రాయించుకుంది.

కోఆర్డినేటరు ఫోన్ చేసి ముందు అతనెలా ఉన్నాడని అడిగాడు. తర్వాత అసలు మాటకు వచ్చాడు.

"రూటు బయటి ముక్క కత్తిరించి పంపు. అది రిపోర్టులో పెడితే ఒక ఊరిని ఇంకో ఊరితో పోల్చలేరు. పైగా బండి అక్కడికి ఎందుకెళ్లిందని అడుగుతారు. నీ ఉద్యోగమూ పోతుంది, నాదీ పోతుంది."

"సార్, ఆ ఊరి పరిస్థితి..."

"నాకు తెలుసమ్మా. ఏం చెయ్యమంటావు?"

కత్తిరించాను. మౌసుతో గీత గీసి డిలీట్ నొక్కితే పోయింది. అసలు ఫైలును మాత్రం ఇంట్లో వేరే పెన్‌డ్రైవులో దాచుకున్నాను. జహీరాబాదు రిపోర్టు పచ్చగా, చక్కగా వెళ్లింది.

నెల తర్వాత డ్రైవరును చూడ్డానికి వాళ్లూరు వెళ్లాను. మంచంలో కూర్చుని ఉన్నాడు. సగానికి సగం చిక్కిపోయాడు. నన్ను చూడగానే మొదట అడిగిన మాట తన గురించి కాదు.

"పంపినవా మేడం, గా నల్లచుక్కలు?"

అతని ముఖంలోని ఆశ చూసి నా నోరు దానంతటదే కదిలింది.

"పంపానన్నా."

"అయితే వస్తది టవరు" అన్నాడు. భార్యను పిలిచి నాకు టీ పెట్టమన్నాడు. ఆ టీ సగం తాగి లేచాను.

ఆ అబద్ధాన్ని నిజం చేయాలన్నది తప్ప ఆ తర్వాత నాకు వేరే ఆలోచన లేదు. ఆ రోజుల్లోనే నియంత్రణ సంస్థ ఒక చర్చాపత్రం బయటపెట్టింది. రాబోయే ఏళ్లలో ఉన్న సిబ్బందినీ నిధుల్నీ ఎలా వాడుకోవాలి, పని ఎలా పెంచుకోవాలి, ప్రజలు అభిప్రాయాలు చెప్పండి అని. అంతా ఇంగ్లీషు. రాత్రీపగలూ అదే చదివాను. ఇంట్లో మావారు "నీకెందుకిది, ఉద్యోగం ఊడగొట్టుకుంటావు" అన్నారు. ఆశా వర్కరును మా ఇంటికి పిలిచి, ఆమె నోటుపుస్తకం పేజీ పేజీ నేను టైపు చేశాను. నా నల్లచుక్కల ఫైలు కూడా జతచేసి, ఆమె పేరు మీద పంపాం. నా పేరు పెట్టే ధైర్యం నాకు లేకపోయింది. ఆమెకు ఆ సంగతి తెలుసు. "నా పేరే పెట్టు మేడం, నన్నేం చేస్తరు" అంది.

హైదరాబాదులో ఒక హోటలు హాల్లో బహిరంగ చర్చ పెట్టారు. నేను సెలవు పెట్టి ఆమెతో వెళ్లాను. ముందు వరసల నిండా కంపెనీల వకీళ్లు. ఒక్కొక్కరూ దొంతరలకొద్దీ కాగితాలతో వచ్చారు. మా వంతు వచ్చేసరికి మూడు నిమిషాలు మిగిలాయి. ఆమె మైకు ముందు నిలబడి తన పుస్తకంలోంచి తెలుగులోనే చదివింది. ఎవరో ఇంగ్లీషులో చెబుతున్నారు గానీ సగమే చెబుతున్నారు. మూడు నిమిషాలకు గంట కొట్టారు. ఆమె ఇంకా నాలుగో పేజీలోనే ఉంది.

విరామంలో వేదిక మీది అధికారి ఒకాయన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. తెలుగాయనే. కళ్లకింద నలుపు, చేతిలో చల్లారిన టీ.

"మీరు చదివింది విన్నానమ్మా. ఉన్నమాట చెబుతాను. టవర్లు మేము వెయ్యం. కంపెనీలు వెయ్యాలి, లేదా ప్రభుత్వం వేరే నిధిలోంచి వేయించాలి. మేము కొలవగలం, చెప్పగలం. ఆ కొలవడానికే మాకు మనుషులు లేరు. మా ఆఫీసులో కుర్చీలు చాలానే ఉన్నాయి, కూర్చునేవాళ్లే లేరు. ఏటా అడుగుతాం, ఏటా కొంతే ఇస్తారు. అందుకే ఇకనుంచి బళ్లు తగ్గించి, జనం ఫోన్లలోని యాప్ నుంచే సమాచారం తీసుకోవాలని ప్లాను. లక్షలమంది ఫోన్లే మాకు చెబుతాయి."

ఆశా వర్కరు అంతా శ్రద్ధగా విని అడిగింది.

"సిగ్నల్ లేని ఫోను మీకెట్ల చెప్తది సార్, సిగ్నల్ లేదని?"

ఆయన కప్పు బల్లమీద పెట్టేశాడు. "అది రాసుకుంటాను" అని జేబులోంచి చిన్న పుస్తకం తీసి నిజంగానే రాసుకున్నాడు. తిరుగుప్రయాణంలో బస్సులో ఆమె, "రాసుకున్నడు కద మేడం" అని రెండుసార్లు అంది.

నియంత్రణ సంస్థ చివరి ప్లాను ఏడెనిమిది నెలలకు వచ్చింది. మొత్తం వెతికాను. చిట్టచివర, అభిప్రాయాలు పంపినవాళ్ల పట్టికలో ఆమె పేరు ఉంది, అక్షరం తప్పుగా. లోపల ఎక్కడా ఆ ఊరి ఊసు లేదు. చిన్న పట్టణాల్లో బళ్లతో కొలవడం ఆపేస్తామని మాత్రం స్పష్టంగా ఉంది. ఆ నెలాఖరుకే నా కాంట్రాక్టు అయిపోయింది, మళ్లీ పొడిగించలేదు. యాప్ వచ్చింది. నా ఫోన్లో వేసుకుని దాని మ్యాపు తెరిచి చూశాను. ఆమె ఊరున్న చోట ఏ చుక్కా లేదు. నేను చూపించిన నలుపు కూడా లేదు. ఖాళీగా ఉంది. అక్కడ మనుషులే లేనట్టు.

అప్పుడు వెళ్లి డ్రైవరుకు నిజం చెప్పాను. ఇంటిముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆ రోజు కత్తిరించి పంపానని, తర్వాత ఎన్ని తంటాలు పడ్డామో, అంతా చెప్పాను. చివరిదాకా విన్నాడు.

"అబద్ధమెందుకాడినవ్?" అన్నాడు. మేడం అనలేదు.

"నీ ముఖం చూసి చెప్పలేకపోయానన్నా."

"నేను అందరికి చెప్పుకున్న. గా ఊరోళ్లు నన్ను చూడనీకె వచ్చిన్రు. మీకు టవరొస్తది, నా పానం మీదికొచ్చినందుకు గదన్న అయితదని చెప్పిన. ఇప్పుడు ఏ మొకం పెట్టుకొని చెప్పాలె?"

నేను నిలబడే ఉన్నాను. కూర్చోమనలేదు. కాసేపటికి అతని భార్య బయటికొచ్చి, "ఆయనకు ఆయాసమొస్తుంది, ఇగ పోన్రి" అంది. వచ్చేశాను. ఆ తర్వాత రెండుసార్లు ఫోన్ చేస్తే భార్యే ఎత్తింది, పడుకున్నాడని చెప్పింది. మూడోసారి చేయలేదు.

ఇప్పుడు నేను జహీరాబాదులో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్లు చెబుతున్నాను. ఆశా వర్కరు తన ఊళ్లోనే ఉంది. మేమిద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. గుట్టమీద నుంచి నూట ఎనిమిది కొడితే కర్ణాటకకు పోతుంది. నా నంబరు కొడితే మాత్రం నాకే వస్తుంది. అందుకని ఆమె నాకు చేస్తుంది, నేను ఇక్కడినుంచి నూట ఎనిమిదికి చేసి ఊరూ, దారీ, కేసూ చెబుతాను. క్లాసులో ఉన్నా ఫోను ఎత్తుతాను. ప్రిన్సిపాలుకు మొదట్లో కోపమొచ్చింది, తర్వాత ఊరుకున్నాడు. ఇప్పటిదాకా అలా నలుగురు: పొలంలో పాము కరిచిన రైతు, ఇద్దరు బాలింతలు, నీళ్ల డ్రమ్ములో పడిన పసిపిల్ల. ముగ్గురు దక్కారు. పసిపిల్ల దక్కలేదు.

ఇవాళ మూడో పీరియడ్‌లో ఆమె ఫోన్ వచ్చింది. "మేడం, జర జల్దీ..." అంది, కట్టయింది. ఎవరికి, ఏమైందో తెలియదు. తిరిగి చేస్తే కలవలేదు. నేను నూట ఎనిమిదికి చేసి ఊరి పేరు చెప్పి బండి పంపమన్నాను. కేసేమిటని అడిగారు. తెలియదన్నాను. తెలియకుండా ఎలా పంపుతామన్నారు. కాన్పు అని చెప్పాను, ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి. సరే, పంపుతున్నామన్నారు. పిల్లలంతా రాయడం మానేసి నావైపే చూస్తున్నారు. నేను వరండాలోకి వచ్చి ఆమె నంబరు కొడుతూనే ఉన్నాను.